తాత ఎక్కాలు, స్కూల్ యాక్టివిటీలు, నాన్న ఐఐటీ ఫౌండేషన్: మధ్యల మూడో తరగతి బాబు

హనుమకొండ నుంచి ఒక తల్లి చాలా పెద్ద లెటర్ రాసింది. పేర్లు, గుర్తుపట్టే వివరాలు తీసేసి సంగతి మాత్రం ఇక్కడ చెప్తున్న.

వాళ్ల బాబుకి ఎనిమిదేండ్లు, మూడో తరగతి, ఇంగ్లిష్ మీడియం. నర్సరీ నుంచి ఒకటే ప్రైవేట్ స్కూల్. మా దగ్గర బట్టీ ఉండదు, హోంవర్క్ ఉండదు, ర్యాంకులు ఉండయి, అంతా యాక్టివిటీలు ప్రాజెక్టులే అని స్కూల్ వాళ్లు చేర్చుకునే రోజే చెప్పిన్రంట. చిన్నప్పుడు బరిగె దెబ్బలు తిని బడి అంటేనే వణుకుతూ పెరిగిన ఈ తల్లికి ఆ మాట బాగ నచ్చింది, ఇంట్ల అందరు వద్దన్నా పట్టుబట్టి తనే చేర్పించింది. బాబు హుషారైన పిల్లగాడు. రామప్ప గుడి మోడల్ మట్టితో చేసిండు, నీళ్ల మీద తేలే ఇటుకల గురించి ఇంటికి వచ్చినోళ్లందరికీ ఆపకుండ చెప్తడు.

దసరాకి పరకాల దగ్గర అత్తగారి ఊరికి పోయిన్రు. మామగారు రిటైర్డ్ హెడ్మాస్టర్. మనవణ్ని పక్కన కూసోబెట్టుకుని పేపర్ల హెడ్డింగ్ చదువుమంటే ఒక్కో అక్షరం దగ్గర ఆగుతున్నడు, ఒత్తు వస్తే ఇగ ముందుకే పోతలేడు. "పదిహేడుల తొమ్మిది తీసేస్తే ఎంత" అంటే తెల్లమొఖం వేసిండు, తర్వాత వేళ్లు లెక్కబెట్టుకున్నడు. అదే టైంకి సర్కారు బడిల రెండో తరగతి చదివే ఆడబిడ్డ కూతురు ఆ హెడ్డింగ్ గడగడ చదివేసింది. "ఇంత ఫీజు పోసి ఏం చదివిస్తున్నరు" అని మామగారు అందరి ముందట అన్న మాట ఆమెకి ఇంకా గుచ్చుకుంటనే ఉన్నది.

పండుగ అయినంక మామగారు వీళ్లతోనే హనుమకొండకి వచ్చి ఉంటున్నరు. రోజూ సాయంత్రం గుణింతాలు, ఎక్కాలు, డిక్టేషన్. తప్పు పోతే తొడపాశం, ఒక్కోసారి గోడకుర్చీ. ఇప్పుడు బాబు సాయంత్రం కాగానే కడుపునొప్పి అంటున్నడు. భర్త ఏమో నయీంనగర్ వైపు ఒక స్కూల్ చూసి వచ్చిండు, పొద్దున ఎనిమిదింటి నుంచి సాయంత్రం ఐదున్నర దాక, వారం వారం టెస్టు, మూడో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్. ఇప్పుడున్న స్కూల్ టీచర్‌ని అడిగితే "ఎవరి పేస్ వాళ్లకుంటది మేడం, డ్రిల్ చేపిస్తే క్రియేటివిటీ పోతది, వాడే నేర్చుకుంటడు" అన్నదంట. ఆమె ప్రశ్నలు మూడు. వీళ్లల్ల ఎవరు కరెక్ట్? సంవత్సరం మధ్యల స్కూల్ మార్చాల్నా? నా కొడుకు ఇన్నేండ్లు నా వల్లనే పోగొట్టుకున్నడా?

అమ్మా, చివరి ప్రశ్నతోనే మొదలుపెడత, ఎందుకంటే అది మనసుల పెట్టుకుని మీరు మిగతావి తేల్చలేరు. పోగొట్టుకోలేదు. ఎనిమిదేండ్ల పిల్లగాడు ఒక గుడి ఎట్ల కట్టిన్రో, ఆ ఇటుకలు ఎందుకు తేలుతయో పెద్దోళ్లకి నిలబడి చెప్పగలుగుతున్నడంటే వాని దగ్గర మాట ఉన్నది, తెలుసుకోవాలన్న ఆశ ఉన్నది. ఇవి రేపు చదువు అర్థం కావడానికి చాలా పనికొస్తయి. కానీ అదే ఊపులో ఇంకో మాట కూడ చెప్పాలె, మీకు కొంచెం కష్టం అనిపించినా. మీ మామగారు కనిపెట్టిన లోటు నిజమైన లోటే. మూడో తరగతి సగం అయిపోయినంక ఒత్తులున్న పదం చదవలేకపోవడం, చిన్న తీసివేతకి వేళ్ల మీద ఆధారపడటం, ఇవి "చూద్దాం లే" అని వదిలేసేటివి కావు. "వాడే నేర్చుకుంటడు" అన్న టీచర్ మాటతోని నేను ఒప్పుకోను. మాట్లాడటం పిల్లలు ఇంట్ల వింటూ వింటూ వాళ్లే నేర్చుకుంటరు, చదవడం రాయడం అట్ల రాదు, లిపి అనేది మనుషులు తయారు చేసుకున్నది, ఎవరో ఒకరు వరుసగ కూసోబెట్టి నేర్పితేనే వస్తది.

మీ లెటర్ మొత్తం చదివితే నాకు అర్థమైంది ఏందంటే మీ ఇంట్ల రెండు వేరు వేరు సంగతులు ఒకే మూటల కట్టేసి ఉన్నయి. ఒకటి, ఏం నేర్పుతున్నరు, ఎంత గట్టిగ వచ్చేదాక నేర్పుతున్నరు. రెండు, నేర్పేటప్పుడు పిల్లగానితో ఎట్ల ఉంటున్నరు. మీరు చిన్నప్పటి బరిగెకి భయపడి పారిపోయిన్రు, దాంతోపాటు గుణింతాలు, ఎక్కాలు కూడ వెనకనే వదిలేసి వచ్చిన్రు. మీ మామగారు గుణింతాలు తెచ్చిన్రు, దాంతో తొడపాశం కూడ తప్పదు అనుకుంటున్నరు. మీ ఆయన గట్టి చదువు అంటే ఎక్కువ గంటలు అనుకుంటున్నరు. గట్టిగ చదువు చెప్పడం అంటే మాత్రం నా లెక్క వేరే. కొత్త సంగతి చిన్న చిన్న మెట్లుగ విడదీసి స్పష్టంగ చెప్పడం, వచ్చేదాక చేయించడం, రోజూ చూసి తప్పు దిద్దడం, నిన్నటిది ఇవ్వాళ మళ్ల అడగడం. దీనికి బరిగె అక్కర్లేదు, తొమ్మిదిన్నర గంటలూ అక్కర్లేదు, కానీ నేర్పే మనిషికి ఓపిక, వరుస కావాలె.

ఏ నిర్ణయం తీసుకునే ముందైనా బాబు ఇప్పుడు ఎక్కడ ఉన్నడో మీరే ఒకసారి కూసోని చూడండి, మామగారు చెప్పింది టీచర్ చెప్పింది రెండూ పక్కన పెట్టి. ప్రథమ్ సంస్థ వాళ్లు 2005 నుంచి అసర్ అని పల్లెలల్ల ఇంటింటికి పోయి పిల్లల చదువు సర్వే చేస్తరు, వాళ్ల పద్ధతి చాలా సింపుల్. చదవడంల అక్షరాలు, పదాలు, ఒకటో తరగతి స్థాయి చిన్న పేరా, రెండో తరగతి స్థాయి కథ. లెక్కల్ల అంకెలు గుర్తుపట్టడం, అప్పు తెచ్చుకునే రెండంకెల తీసివేత, మూడంకెల సంఖ్యని ఒక అంకెతో భాగించడం. పిల్లగాడు ఏ మెట్టు దాక సాఫీగ పోతున్నడు, ఎక్కడ ఆగుతున్నడు అన్నదే చూస్తరు. మీరు పాత ఒకటో తరగతి, రెండో తరగతి వాచకాలు తెచ్చుకుని ఇంట్లనే చేయొచ్చు, పరీక్ష అనకండి, మంచం మీద కూసోని ఆడుతూ చూడండి. సెంట్రల్ గవర్నమెంట్ చిన్న తరగతుల పిల్లలకి చదవడం, లెక్కలు రావాలని 2021ల మొదలుపెట్టిన నిపుణ్ భారత్‌ల మూడో తరగతి అయ్యేసరికి పిల్లలు నిమిషానికి కనీసం 60 పదాలు అర్థం చేసుకుంటూ చదవాలె, 9,999 దాక సంఖ్యలు రావాలె, చిన్న గుణకారాలు చేయాలె అని పెట్టుకున్నరు. మన తెలుగు పదాలు పొడుగు కాబట్టి గడియారం పట్టుకుని నిలబడకండి, ఒక అంచనా కోసం చెప్తున్న, అంతే.

ఇక్కడ ఒక సంగతి తప్పకుండ చూడండి. మామగారు "పదిహేడుల తొమ్మిది" అని తెలుగుల అడిగిన్రు. ఇంగ్లిష్ మీడియం పిల్లల్ల చాలామందికి పదిహేడు అంటే సెవెంటీన్ అని వెంటనే తట్టదు, ముప్పై తొమ్మిది, యాభై ఆరు అంటే అసలే తెల్వదు. వాడు తెల్లమొఖం వేసింది లెక్క రాకనా, ఆ సంఖ్య ఏందో అర్థం కాకనా? ఇంగ్లిష్‌ల అడిగి చూడండి, కాగితం మీద రాసిచ్చి చూడండి. వెంటనే చెప్తే లెక్కల్ల మీరనుకున్నంత లోటు లేదు, తెలుగు సంఖ్యలు నేర్పితే సరిపోతది. అప్పుడు కూడ వేళ్లే లెక్కపెడితే నిజంగనే అభ్యాసం లేదు. అట్లనే ఇంగ్లిష్ పుస్తకం చదువుతున్నడని మీరు రాసిన్రు, అది చదవడమేనా లేక బొమ్మ చూసి గుర్తున్నది చెప్పడమా చూడండి. బొమ్మ మీద చెయ్యి పెట్టండి, మధ్యల ఒక వాక్యం చూపించండి, ఎప్పుడూ చూడని పుస్తకం ఇవ్వండి. తెలుగుల మాత్రమే ఆగుతున్నడంటే స్కూల్ల తెలుగు పీరియడ్లు తక్కువ అయ్యి ఉంటయి, రెండింట్లనూ ఆగుతున్నడంటే అది వేరే సంగతి, దాని గురించి కింద చెప్త.

ఆడబిడ్డ కూతురితో పోలిక కూడ ఇక్కడనే తేల్చేద్దాం. ఆ పాప రోజూ తెలుగు చదువుతది. మన రాష్ట్రంల సర్కారు బడుల్ల 2022ల తొలిమెట్టు అని పెట్టి చదవడం, రాయడం, కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం మీద ప్రత్యేకంగ పని చేయించిన్రు, ఆ టీచర్ మంచిగ చేపించి ఉంటది. అది ఆ టీచర్ గొప్పతనం, ఆ పాప కష్టం. మీ బాబు తెలివికీ దానికీ సంబంధం లేదు. ఇగ తెలుగు నేర్పుడు మీ స్కూల్ వాళ్ల దయ మీద ఉండేది కూడ కాదు, 2018 చట్టం ప్రకారం తెలంగాణల ఏ బోర్డు స్కూల్లనైనా తెలుగు తప్పనిసరిగ చెప్పాల్సిందే. వారానికి ఎన్ని పీరియడ్లు, ఎవరు చెప్తున్నరు, నోట్‌బుక్ ఎక్కడ అని అడిగే హక్కు మీకున్నది.

డ్రిల్ చేస్తే క్రియేటివిటీ పోతది అన్న మాట చాలామంది తల్లిదండ్రుల్ని భయపెడుతున్నది కాబట్టి దాని మీద కొంచెం ఆగుత. ఒక లెక్క తీసుకోండి, 432ని 6తో భాగించాలె. ఆరో ఎక్కం నోటికి వచ్చినోనికి 43ల ఆరు ఏడ్లు 42, ఒకటి మిగిలింది, పక్కన రెండు దించితే పన్నెండు, రెండు సార్లు, జవాబు 72 అని ఒక దారి కనపడుతది. ఎక్కం రానోడు ఆరు, పన్నెండు, పద్దెనిమిది అని వేళ్ల మీద పోతుంటే నలభై రెండు దగ్గరికి వచ్చేసరికి అసలు తను ఏం చేస్తున్నడో మర్చిపోతడు. మనిషి బుర్రల ఒకేసారి పట్టుకోగలిగేది కొంచెమే, ఆ కొంచెం జాగా చిన్న కూడికలకే నిండిపోతే ఆలోచించడానికి ఏం మిగలదు. చదవడం కూడ అంతే, అక్షరాలు విప్పుకోవడంలనే శక్తి అయిపోతే వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు ఏమున్నదో గుర్తుండదు. రామప్ప గురించి అంత ఇష్టంగ మాట్లాడే పిల్లగాడు రామప్ప గురించి తనే చదువుకునేదాక పోవాలంటే ఈ అభ్యాసమే తీసుకపోవాలె.

ఇది మన దగ్గర ఒక్కటే కాదు. అమెరికాల 1968 నుంచి ప్రాజెక్ట్ ఫాలో త్రూ అని పేద పిల్లల చిన్న తరగతుల మీద చాలా పెద్ద ప్రయోగం నడిచింది, రకరకాల బోధనా పద్ధతులు పక్కపక్కన పెట్టి చూసిన్రు. 1977ల ఫలితాలు వచ్చినప్పుడు టీచర్ ముందుండి మెట్టు మెట్టుగ చెప్పి, వెంటనే చేయించి, తప్పు దిద్దే పద్ధతి చదవడం లెక్కలు లాంటి పునాది చదువుల్ల ముందున్నది. ఆ లెక్కల మీద తర్వాత వాదాలు చాలా నడిచినయి, అది కూడ చెప్పాలె. కానీ ఆ పిల్లలు ఆత్మవిశ్వాసంల వెనకబడి పోలేదు, అది మీ టీచర్ భయానికి జవాబు. ఇంకోటి, మన పాత సార్లు పొద్దున రాగానే నిన్నటి పాఠం అప్పజెప్పించుకునేటోళ్లు కదా, దాని విలువ 2006ల ఇద్దరు అమెరికా సైకాలజిస్టులు కాలేజీ పిల్లల మీద చూపించిన్రు. ఒకటే పాఠం మళ్ల మళ్ల చదివినోళ్లకన్న పుస్తకం మూసి గుర్తు తెచ్చుకున్నోళ్లకి వారం తర్వాత ఎక్కువ గుర్తున్నది. మీ మామగారు చేస్తున్న పనిల సగం ఇట్లాంటి గట్టి పనే.

మిగతా సగం గురించి కూడ చెప్పాలె కదా. పాత పద్ధతిల అందరు కలిసి ఎక్కాలు పాట లెక్క పాడితే వెనక బెంచోడు నోరు కదిలిస్తే సరిపోయేది, "ఏడు ఆర్లు ఎంత" అని మధ్యల అడిగితే మొదటి నుంచి పాడుకుంటనే రావాల్సి వచ్చేది. చూసి రాసుడు పేజీలకి పేజీలు, అర్థం అడిగేటోళ్లు లేరు. మీ ఇంట్ల అది రావద్దు. ఎక్కం నేర్పే ముందు చింతగింజలు గుంపులు పెట్టించి చూపించండి, వచ్చినంక వరుస తప్పించి అడగండి. రెండు, అయిదు, పది ముందు, తర్వాత మూడు, నాలుగు, ఆరు నుంచి తొమ్మిది చివరికి. పందొమ్మిదో ఎక్కానికి ఇప్పుడు తొందర లేదు. స్కూల్ల ఇంగ్లిష్‌ల లెక్క చేసే పిల్లగానికి ఎక్కం కూడ ఇంగ్లిష్‌లనే రానియ్యండి, తెలుగు సంఖ్యలు వేరే టైంల మాటల మధ్యల నేర్పండి, రెండూ ఒకేసారి అయితే ఆగమైతడు. చదవడానికి మాత్రం మామగారి పాత వరుసే మంచిది. గుణింతాల్ల ఎక్కడ తడబడుతున్నడో చూసి అక్కడనే పని, అన్నీ మళ్ల మొదటి నుంచి రాయించుడు వద్దు. తర్వాత అమ్మ, అక్క, పువ్వు లాంటి అదే అక్షరం ఒత్తుగ వచ్చే పదాలు, అవి సాఫీ అయినంక పుస్తకం, సూర్యుడు, చంద్రుడు లాంటి వేరే అక్షరం ఒత్తుగ వచ్చే పదాలు, అన్నిటికన్న చివర రాష్ట్రం, స్త్రీ లాంటివి. వారానికి నాలుగైదు ఒత్తులు మించొద్దు. రోజూ ముప్పావు గంట చాలు, కొంచెం చదవడం, ఐదారు పదాల డిక్టేషన్, తప్పు పోయినవి తనే దిద్దుకుని రాయడం, పది నిమిషాలు లెక్కలు, చివరికి తాతనే ఒక కథ చదివి వినిపించడం. ఆ చివరిది మాత్రం మానొద్దు.

ఇప్పుడు తొడపాశం. ఇది ఆగాలె, ఇందుల నాకు రెండో మాట లేదు. విద్యా హక్కు చట్టం 2009, సెక్షన్ 17 పిల్లల్ని కొట్టడం, మానసికంగ వేధించడం బడుల్ల నిషేధించింది, మీ మామగారు హెడ్మాస్టర్ చేసిన్రు కాబట్టి ఆయనకి ఈ సంగతి తెలుసు. చట్టం ముచ్చట పక్కన పెట్టినా, కడుపునొప్పి అంటున్న పిల్లగానికి చదువు ఎక్కదు, తప్పు పోతుందేమోనన్న భయంల వాడు అక్షరం వైపు చూడడు, తాత చెయ్యి వైపు చూస్తడు. అయితే ఈ మాట మీరు కోడలిగ ఎదురు నిలబడి చెప్తే ఇంట్ల గొడవ ఎటో పోతది. మీ ఆయన చెప్పాలె, వాళ్ల నాయనతోని ఒక్కడే కూసోని, బాబు కడుపునొప్పి సంగతితో మొదలుపెట్టాలె. "నాయన, నువ్వు చెప్పేది మంచిగనే ఉన్నది, నువ్వు చెప్తేనే వానికి వస్తది, కానీ చెయ్యి లేపకు, నీ దగ్గరికి రావాలంటే భయపడుతున్నడు" అని. తర్వాత మీరు ఆయన దగ్గరికి పోయి "మామయ్య, ఏ ఒత్తులు రావట్లేదో జర చూసి చెప్పండి, నేను గూడ నేర్పుత" అని అడగండి. జీవితమంతా పిల్లలకి చదువు చెప్పిన మనిషి, తన మనవడికే రాలేదన్న బాధతోని అట్ల మాట జారిన్రు. ఆయన విద్యని మీరు గౌరవిస్తున్నరని తెలిస్తే చాలావరకు మెత్తబడుతరు. మెత్తబడకపోతే ఆ ముప్పావు గంట మీరే తీసుకోవాలె, వరుస ఆయన్ని అడిగి. అప్పుడు ఆయన మనసు నొచ్చుకుంటది, కొన్ని రోజులు ఇంట్ల ముభావంగ ఉంటది, దానికి సిద్ధపడాలె.

ఇగ స్కూల్ సంగతి. ఇప్పుడున్న దగ్గరనే ఉంచి ఇంట్ల పునాది వేసుకోవడం మొదటి దారి. బాబుకి దోస్తులు ఉంటరు, ఇష్టంగ పోతడు, ప్రాజెక్టులు నడుస్తయి. కానీ చదువు భారం మొత్తం మీ ఇంటి మీద పడుతది, మామగారు ఊరికి పోతే మీ ఒక్కరి మీద. ఒక్కరోజు పట్టుకుని నాలుగు రోజులు వదిలేస్తే ఏం లాభం లేదు. ఫీజు కట్టి మళ్ల ఇంట్ల మనమే చెప్పుకోవాల్నా అన్న కోపం కూడ వస్తది, అది న్యాయమైన కోపమే. అందుకే ఈ దారి పట్టేటట్టయితే స్కూల్‌ని వదలకండి. "ఎవరి పేస్ వాళ్లది" అన్న మాటకి జవాబుగ మెల్లగ అడగండి, మా వాని పేస్ ఏందో మీ దగ్గర ఎక్కడ రాసి ఉన్నది, ఇప్పుడు ఎక్కడున్నడు, సంక్రాంతి దాక ఎక్కడికి రావాలె, రాకపోతే మీరేం చేస్తరు అని. దీనికి నోట్‌బుక్ తీసి చూపించగలిగిన స్కూల్ అయితే యాక్టివిటీ స్కూల్ అయినా భయం లేదు, నవ్వి పంపిస్తే మీకు చాలా సంగతులు తెలిసినట్టే.

రెండోది మీ ఆయన చూసింది. అక్కడ రోజూ రాపిస్తరు, చేపిస్తరు, టెస్టులు పెడతరు, కాబట్టి కొంత పునాది పడే అవకాశం ఉన్నది, దాన్ని ఊరికెనే కొట్టిపారేయొద్దు. కానీ గంటలు చూడండి. విద్యా హక్కు చట్టం ఒకటి నుంచి ఐదో తరగతి దాక సంవత్సరానికి కనీసం 200 పనిదినాలు, 800 బోధనా గంటలు అని పెట్టింది, అంటే రోజుకి నాలుగు గంటలు. అది కనీసమే, ఇంకొంచెం ఎక్కువ ఉంటే తప్పు కాదు. కానీ ఎనిమిది నుంచి ఐదున్నర అంటే తొమ్మిదిన్నర గంటలు, దాని మీద ఆటో టైం, ఎనిమిదేండ్ల పిల్లగాడు ఇంటికి వచ్చేసరికి ఏమీ మిగలడు, తాతతో కథ కూడ ఉండదు. ఇంకోటి, ఒత్తులు రాని పిల్లగాణ్ని తీసుకపోయి వారం వారం టెస్టుల్ల కూసోబెడితే మొదటి నెలల్లనే చివరి ర్యాంకు, అప్పుడు వాడు తన గురించి తను ఏమనుకుంటడో ఆలోచించండి. మీ ఇద్దరు కలిసి పోయి అక్కడి మూడో తరగతి పిల్లల నోట్‌బుక్కులు చూపించమని అడగండి. ఎర్ర పెన్ను టిక్కులు మాత్రమే ఉన్నయా, తప్పు దిద్ది మళ్ల రాపించిన్రా? టెస్టుల పోయిన పిల్లలకి ఆ పాఠం మళ్ల చెప్తరా, లేక ర్యాంకు వేసి ముందుకు పోతరా? చిన్న తరగతులకి చెప్పేటోళ్లు డీఈడీ, అంటే చిన్న తరగతుల టీచర్ ట్రైనింగ్, చేసిన్రా? సెక్షన్ల ఎంతమంది? ఆటల పీరియడ్ టైం టేబుల్‌ల ఉన్నదా, గ్రౌండ్ ఉన్నదా? కొడతరా? ఈ జవాబులు బాగుంటే ఆ స్కూల్ గురించి ఆలోచించొచ్చు, గంటలు మాత్రం తగ్గించే వీలుందా అడగండి.

ఫౌండేషన్ అన్న మాట మీద మీ ఆయనతో ఒక మాట. ఐఐటీ ఎంట్రెన్స్ ఇంటర్ తర్వాత. దానికన్న చాలా ముందట మన దిక్కు పిల్లలు రాసే పరీక్షలు చూడండి, గురుకులాల్ల ఐదో తరగతి సీట్లకి నాలుగో తరగతి పిల్లలు రాస్తరు, నవోదయ ఆరో తరగతి సీట్లకి ఐదోల రాస్తరు. నవోదయ పేపర్ల 80 ప్రశ్నలు, రెండు గంటలు. అందుల 40 మెంటల్ ఎబిలిటీ, 20 లెక్కలు, 20 భాష, ఆ భాష ప్రశ్నలు కూడ పేరాలు చదివి జవాబు చెప్పేటివే. అంటే ఆ వయసుల గట్టి పోటీ పరీక్ష కూడ అడిగేది అర్థం చేసుకుంటూ చదవడం, తప్పు లేకుండ లెక్క చేయడం. మూడో తరగతి పిల్లగానికి నిజమైన ఫౌండేషన్ ఒత్తులు, ఎక్కాలు, 503ల 267 తీసేస్తే 236 అని అప్పు తెచ్చుకుని సరిగ్గ చేయడం. మీ మామగారు ఇంట్ల మొదలుపెట్టింది అదే.

ఈ రెండింటి మధ్యల మూడో దారి కూడ ఉన్నది, దాన్ని మీ లెటర్ల ఎవ్వరూ తలవలేదు. పేరున్న బోర్డు లేకున్నా, పాత పద్ధతిల శ్రద్ధగ చెప్పి నాలుగు గంటలకి ఇంటికి పంపే మామూలు స్కూళ్లు హనుమకొండ, కాజీపేట, హసన్‌పర్తి దిక్కు ఇంకా ఉన్నయి. మంచి టీచర్ ఉన్న సర్కారు బడి కూడ ఉంటది, ఇప్పుడు అక్కడ ఇంగ్లిష్ మీడియం, పుస్తకాలు ఒక పేజీ ఇంగ్లిష్ ఒక పేజీ తెలుగు, మీ బాబు లాంటోనికి అది మంచిగ పనికొస్తది. చుట్టాలేమంటరో అన్న ఇబ్బంది ఉంటది, వెతకడానికి తిరగాల్సి వస్తది, మంచి టీచర్ బదిలీ అయితే మళ్ల మొదటికే. ఆ లోట్లు తెలుసుకునే పోవాలె.

నన్నడిగితే ఈ సంవత్సరం మధ్యల మార్చడానికి అంత తొందర ఎందుకు అనిపిస్తది, కట్టిన ఫీజు రాదు, సగంల పోయిన పిల్లగానికి కొత్త పుస్తకాలు కొత్త ముఖాలు, అదే టైంల ఒత్తులు కూడ. కానీ మీ స్కూల్ల బాబుని ఎవరూ పట్టించుకుంటలేరని మీకు గట్టిగ తెలిస్తే ఆగమని నేను చెప్పను. అది మీరు ఆ నోట్‌బుక్కులు చూసినంక మీకే తెలుస్తది.

ఇంకో సంగతి మర్చిపోవద్దు. ముందుగాల కండ్లు చూపించండి, బోర్డు సరిగ్గ కనపడక వెనకబడే పిల్లలు ఉంటరు, చెవులు కూడ ఒకసారి. తర్వాత రోజూ వరుసగ, భయం లేకుండ, మూడు నాలుగు నెలలు నేర్పినా అక్షరాలు తారుమారు అయితనే ఉంటే, నిన్న వచ్చిన పదం ఇవ్వాళ కొత్తగ అనిపిస్తుంటే, తెలుగు ఇంగ్లిష్ రెండింట్ల అదే పరిస్థితి ఉంటే అప్పుడు పిల్లల డాక్టర్ ద్వారా లెర్నింగ్ డిసెబిలిటీ పరీక్ష చేపించండి. 2016 వికలాంగుల హక్కుల చట్టంల అది కూడ ఉన్నది, సర్టిఫికెట్ ఉంటే రేపు పరీక్షల్ల వెసులుబాట్లు ఉంటయి. ఇప్పుడే ఆ భయం పెట్టుకోకండి, మీరు రాసినదాన్ని బట్టి నాకు ఇది నేర్పకపోవడం వల్ల వచ్చిన లోటు లెక్కనే కనిపిస్తున్నది.

స్కూల్ మార్చాలని మీ ఇద్దరు అనుకుంటే సంక్రాంతి తర్వాత బాబుని మళ్ల అదే పుస్తకాలతో కూసోబెట్టి చూసి, ఫిబ్రవరిల తిరగడం మొదలుపెట్టండి, జూన్ల బడి తెరిచేదాక ఆగితే మంచి టీచర్ ఉన్న సెక్షన్ల సీట్లు నిండిపోతయి. టీసీ, బోనఫైడ్ ముందే అడిగి పెట్టుకోండి, బాకీ ఫీజు ఉంటే కాగితాలు ఆపి తిప్పుతరు. కొత్త స్కూల్ వాళ్లు ఎంట్రెన్స్ టెస్ట్ అంటే, ఎనిమిదో తరగతి దాక అడ్మిషన్‌కి పిల్లగాణ్ని పరీక్ష పెట్టి వడపోయొద్దని విద్యా హక్కు చట్టం సెక్షన్ 13ల ఉన్నది, ఆ మాట మర్యాదగనే వాళ్లకి గుర్తు చేయండి.